క్లౌడు వనరుల వర్గీకరణము

2016 వ సంవత్సరము అక్టోబరు 11 వ తేదీ విజయదశమి. నాటివరకు కరీంనగరు జిల్లావారైన కమలాపూరు మండలవాసులు ఆ పండుగనాటినుండి వరంగల్ అర్బన్ జిల్లావారైరి. ఊరు కదలలేదు, చెరువు కదలలేదు, పొలముగట్టు జానెడైనను జరుగలేదు. 2021 లో ఆ క్రొత్తజిల్లా పేరు హనుమకొండ అయినది. అప్పుడును ఊరు ఉన్నచోటనే యున్నది. అయిదేండ్ల కాలములో మూడు జిల్లాల పేర్లు తమ విలాసములో వ్రాసికొనవలసివచ్చిన ఆ మండలమువారికి నేను నేడు చెప్పబోవు విషయములో సగము ముందుగనే తెలియును. వస్తువు ఉండు తావు ఒకటి, అది చేరిన లెక్క మరియొకటి. ఈ రెండింటికిగల భేదము తెలియకనే కంప్యూటరు వ్యవహారములలో ఎన్నియో చిక్కులు పుట్టుచున్నవి.

క్లౌడు అనగా మేఘము. మాట సొగసుగా నున్నది గాని వస్తువు మాత్రము నేలమీదనే యున్నది. పెద్ద భవనము, అందు వరుసలు తీర్చిన వేలకొలది కంప్యూటర్లు, అవి వేడెక్కకుండ చల్లదన మొసగు యంత్రములు, ఎన్నడును ఆగిపోరాని విద్యుత్తు - ఇదియే ఆ మేఘము. దాని యజమానులు ఆ యంత్రములను లోకులకు గంటల లెక్కన బాడుగకిత్తురు. వరికోతలనాడు మన రైతు కోతమిషనును కొనక, గంటకింతయని మాటలాడుకొని పొలమునకు దింపించుకొనుట లేదా? ఇదియు నట్టిదే. అమెజాను సంస్థవారు 2006 లో ఈ బాడుగ వ్యాపారము నారంభించిరి. మైక్రోసాఫ్టువారు 2015 లో పూనా, చెన్నపట్టణము, బొంబాయి నగరములలో తమ కేంద్రములను తెరచిరి. అమెజానువారు 2016 లో బొంబాయిలోను, 2022 నవంబరులో మన హైదరాబాదులోను నెలకొల్పిరి. కేంద్రప్రభుత్వము తన కార్యాలయముల పనికై ఏర్పరచిన క్లౌడునకు మేఘరాజ్ అని పేరుపెట్టినది. కాబట్టి కరీంనగరులోనో నిర్మలులోనో కూర్చుండి పనిచేయు గుమాస్తా తెరమీద చూచు లెక్కల పుస్తకము, వాస్తవమున పూనాలోనో హైదరాబాదు శివారులోనో ఉండవచ్చును.

ఈ యంత్రములను బాడుగకు దీసికొనుటకు ఎవరిని కలిసికొనవలసిన పనిలేదు. బ్రౌజరులో తెరచుకొను ఒక పుట చాలును. దానిని కన్సోలు అందురు. అందులో ఒక మీట నొక్కినచో సర్వరు సిద్ధమగును. మరియొకటి నొక్కినచో డేటాబేసు. ఇంకొకటి నొక్కినచో దస్త్రములు దాచుకొను కొట్టు. వీనినన్నిటిని కలిపి వనరులు అందురు. ఇంత సుళువగుటయే ముప్పునకు మొదలు. ఇటుకలు మోయించి కట్టిన గది ఎక్కడ నున్నదో ఎవరును మరువరు. మీటనొక్కి పుట్టించిన వస్తువును మరునాటికే మరతురు.

ఒక ఉదాహరణము కల్పించుకొందము. సిరిసిల్ల మరమగ్గములకు పేరుపడిన ఊరు. అచ్చట నేతపనివారి సంఘమొకటి తన లెక్కలను క్లౌడులో పెట్టుకొన్నదనుకొనుడు. కూలిపద్దు ఒక డేటాబేసులో నుండును. నూలు కొన్న బిల్లులును, గుడ్డ అమ్మిన బిల్లులును ఒక కొట్టులో నుండును. కొనువారు చూచుటకై చీరెల బొమ్మలుంచిన సర్వరు ఒకటి. ఇంతలో ఉత్సాహవంతుడైన యువకుడొకడు క్రొత్త పద్ధతి ఎట్లుండునో చూతమని రెండు సర్వర్లు తెరచి, వానికొక డేటాబేసు చేర్చి, పదిదినములు పరీక్షించి, వేరు ఉద్యోగము దొరకి వెడలిపోయెను. ఆరునెలలకు బాడుగ బిల్లు ఎక్కువగుచున్నదని కార్యదర్శి గుర్తించును. కన్సోలు తెరచి చూడగా వనరులన్నియు ఒకే పట్టికలో, ఒకదానిక్రింద నొకటి, యంత్రము తనంతట తాను తగిలించిన అంకెల పేర్లతో కనబడును. రెండు డేటాబేసులున్నవి. ఒకదానిలో మూడువందల కుటుంబముల కూలి బాకీలున్నవి, మరియొకటి ఉత్తది. ఏది ఏదో చెప్పగలవాడు ఊరిలో లేడు. తీసివేయుటకు చేయి రాదు. ఉంచుకొన్న బిల్లు తప్పదు. ధైర్యము చేసి తీసివేసినవాడు తప్పు డేటాబేసును తీసివేసెనా, శనివారమునాడు కూలికొరకు వచ్చినవారికి చూపుటకు పద్దే యుండదు.

ఇట్టి అవస్థ రాకుండుటకే గుంపులుకట్టు పద్ధతి ఏర్పడినది. దీనిని ఇంగ్లీషున లాజికల్ గ్రూపు అందురు. తలపులో ఏర్పరచుకొన్న గుంపు అని దాని భావము. యంత్రములను ఒకచోటి నుండి మరియొకచోటికి మోయుట కాదు. ఇవి ఒక పనికి సంబంధించినవి అని లెక్కలో ఒక పేరుక్రింద వ్రాసికొనుట. మైక్రోసాఫ్టువారి అజ్యూరు అను క్లౌడులో 2014 నుండి రిసోర్స్ గ్రూపు అను పేర ఈ యేర్పాటున్నది. అమెజానువారును ఆ సంవత్సరాంతముననే అదే పేరుతో ఒక సదుపాయమును ప్రకటించిరి. పేరొక్కటే గాని స్వభావములు వేరు. ఆ సంగతి పిమ్మట చెప్పెదను.

మొదట అజ్యూరు పద్ధతి. కన్సోలులో ప్రవేశించి, రిసోర్స్ గ్రూప్స్ అనుచోట క్రియేట్ అను మీటను నొక్కవలెను. మూడు ప్రశ్నలడుగును. ఏ ఖాతాపై వ్రాయవలెను, గుంపునకు ఏమి పేరు, ఏ ప్రాంతము. ఈ మూడవ ప్రశ్న చాలమందిని తికమక పెట్టును. గుంపునకు ప్రాంతమేమి? గుంపులోని వస్తువుల జాబితాను ఎచ్చట దాచవలెనో అదియే ఆ ప్రాంతము. అంతమాత్రముచేత అందులోని వస్తువులన్నియు అచ్చటనే ఉండవలెనని లేదు. జాబితా పూనాలో నుండగా సర్వరు చెన్నపట్టణములో నుండవచ్చును. జిల్లా కచ్చేరి మంచిర్యాలలో నున్నంతమాత్రమున చెన్నూరు పొలములు మంచిర్యాలకు రావు గదా! ఇంకొక మాట. జాబితా ఉన్న ప్రాంతమున ఏదైన విఘాతము కలిగినచో, వేరొకచోటనున్న సర్వరు నడుచుచునే యుండును గాని దాని నిర్వాహములో మార్పులు చేయుటకు ఆటంకము కలుగవచ్చును. కాబట్టి గుంపును దానిలోని వనరులను వీలైనంతవరకు ఒకే ప్రాంతమున నుంచుకొనుట మంచిది.

గుంపు ఏర్పడినతోడనే కలుగు లాభము అధికారమును పంచుట. గుంపుమీద ఒకనికి చూచు హక్కిచ్చినచో, అందులోని ప్రతివస్తువును అతడు చూడగలడు. మార్చు హక్కిచ్చినచో అన్నిటిని మార్చగలడు. తహశీలుదారునకు మండలముపై నిచ్చిన అధికారము మండలములోని ప్రతి గ్రామమునకు వర్తించినట్లు, ఇది పైనుండి క్రిందికి దిగును. మన సిరిసిల్ల సంఘములో పరీక్షకై వచ్చిన యువకునకు పరీక్షగుంపుపై మాత్రమే అధికారమిచ్చి, కూలిపద్దున్న గుంపును చూచు హక్కుకూడ ఈయకున్నచో సగము భయము తీరును. రెండవ లాభము వ్యయము తెలియుట. ఏ గుంపునకు నెలకెంతయైనదో కన్సోలు విడివిడిగా చూపును.

మూడవది లాభమో ప్రమాదమో మీరే నిర్ణయింపుడు. అజ్యూరులో గుంపును తొలగించినచో అందులోని సమస్తమును తొలగిపోవును. పరీక్ష ముగిసినపిమ్మట రెండు సర్వర్లను, డేటాబేసును, వాని తీగలను, చిరునామాలను వెదకి వెదకి తీయక, గుంపును ఒక్కమాటతో తుడిచివేయవచ్చుననుట గొప్ప సౌకర్యమే. కాని ఆ గుంపులో పొరపాటున ఎవరైన కూలిపద్దును చేర్చియుండిరా, అదియును పోవును. గుంపును మరల రప్పించు మీట లేదు. తొలగించుటకు ముందు గుంపుపేరును అక్షరము తప్పక వ్రాయుమని కన్సోలు అడుగును. ఇది మంచి అడ్డుకట్టయే గాని, గుంపునకు టెస్టు 2 అని పేరుపెట్టినవానికి ఆ అడ్డుకట్ట ఏమి యుపకారము చేయగలదు? పేరు చదివినవానికి లోపల నేమున్నదో తెలియవలెను. మండలములకు ఒకటి, రెండు, మూడు అని పేర్లు పెట్టినచో ఎట్లుండునో ఇదియు నట్లే.

అమెజానువారి గుంపు స్వభావము వేరు. అది వస్తువులను లోపల నిముడ్చుకొను పెట్టె కాదు, ఒక ప్రశ్న. ఫలానా గుర్తు తగిలించిన వస్తువులన్నియు చూపుము అని వ్రాసిపెట్టుకొన్న ప్రశ్నయే అచ్చటి గుంపు. ఆ గుంపును తుడిచినచో ప్రశ్న మాత్రమే పోవును, వస్తువులు చెక్కుచెదరవు. ఒకే వస్తువు పది గుంపులలో కనబడవచ్చును. అజ్యూరులో నట్లు కాదు. ఒక వస్తువు ఒక గుంపులోనే యుండవలెను, గుంపులో మరియొక గుంపు ఇమడదు. గూగులువారు ప్రాజెక్టు అను పేర ఏర్పరచిన దానిలో మరియొక వింత. ప్రాజెక్టును మూసినపిమ్మట ముప్పదిదినములవరకు మనసు మార్చుకొనుటకు గడువుండును. అయినను కొన్ని వస్తువులు అంతకుముందే పోవచ్చునని వారే హెచ్చరింతురు. ఒక సంస్థ పద్ధతి తెలిసినవాడు మరియొక సంస్థ కన్సోలు ముందు కూర్చుండి, ఇచ్చటను అట్లేయని మీట నొక్కుట మిక్కిలి ప్రమాదము.

ఈ రెండువిధముల గుంపులకును మన ప్రాంతములోనే చక్కని పోలికలున్నవి. జిల్లా అజ్యూరు గుంపువంటిది. ఏ గ్రామమైనను ఒకే జిల్లాలో నుండును. కాని హుస్నాబాదు శాసనసభా నియోజకవర్గమును చూడుడు. 2016 విభజనలో హుస్నాబాదు, కోహెడ మండలములు సిద్దిపేటకు పోయినవి. ఎల్కతుర్తి, భీమదేవరపల్లి వరంగల్ అర్బనునకు చేరినవి. చిగురుమామిడి, సైదాపురము కరీంనగరులోనే నిలిచినవి. నియోజకవర్గ మొక్కటే, జిల్లాలు మూడు. రామగుండము పోలీసు కమిషనరేటు గోదావరికి ఈవల పెద్దపల్లి జిల్లాను, ఆవల మంచిర్యాల జిల్లాను కలిపి యేర్పరచినది. ఉట్నూరులోని గిరిజనాభివృద్ధి సంస్థ పరిధి పూర్వపు ఆదిలాబాదు జిల్లానుండి పుట్టిన నాలుగు జిల్లాలందును వ్యాపించియున్నది. ఊరు ఒకటియే, దానికి జిల్లా యని ఒక గుర్తు, నియోజకవర్గమని ఒకటి, పోలీసు హద్దని ఒకటి, గిరిజనసంస్థ పరిధియని ఒకటి. జిల్లా యొక్కదానితో ఇన్ని అవసరములు తీరవు.

క్లౌడులో ఈ గుర్తులను ట్యాగులందురు. ప్రతి ట్యాగునకు రెండు భాగములు - ప్రశ్న, జవాబు అనుకొనుడు. శాఖ: కూలిపద్దు. బాధ్యుడు: కార్యదర్శి. జిల్లా: రాజన్న సిరిసిల్ల. ముగియు తేదీ: ఫలానా. అజ్యూరులోను అమెజానులోను ఒక్కొక్క వస్తువునకు యాబదివరకు ట్యాగులు తగిలింపవచ్చును. అన్ని అవసరముండదు, అయిదారు చాలును. గుంపునకు తగిలించిన ట్యాగు లోపలి వస్తువులకు తనంతట సంక్రమింపదని మాత్రము జ్ఞాపకముంచుకొనవలెను. ఇట్లు సంక్రమింపజేయు నియమమును వేరుగా పెట్టుకొనవలసియుండును. అధికారము క్రిందికి దిగునుగదా, ట్యాగేల దిగదని మీరడుగవచ్చును. ఆ ప్రశ్న నేనును అడిగితిని. అట్లు చేసిరి, అంతే.

వ్యయపు లెక్కలకై ట్యాగులను వాడువారు తెలిసికొనవలసినది మరియొకటి. ట్యాగు తగిలింపకముందు జరిగిన వ్యయమునకు అది వర్తింపదు. మార్చిలో తగిలించి, జనవరి ఫిబ్రవరుల ఖర్చు ఏ శాఖదని అడిగినచో కన్సోలు మౌనము వహించును. కాబట్టి వస్తువు పుట్టిననాడే ట్యాగు తగులవలెను.

ఇక అక్షరదోషముల సంగతి. మానవుడు చదువునప్పుడు కరీంనగర్, కరీంనగరు, కరీంనగరము ఒకటియే. యంత్రమునకు అవి మూడు ఊళ్లు. ఇంగ్లీషు అక్షరములలో పెద్దబడి చిన్నబడి భేదముకూడ అమెజానువారి ట్యాగులలో వేరుగా లెక్కింపబడును. అజ్యూరులో ప్రశ్నభాగమున ఆ పట్టింపులేదు, జవాబుభాగమున ఉన్నది. ఆదివాసి వీరుని పేర ఏర్పడిన ఆసిఫాబాదు జిల్లాను కొందరు కుమురం భీం అనియు, కొందరు కొమరం భీం అనియు వ్రాయుదురు. ఇంగ్లీషున ఇంకను రెండుమూడు రూపములున్నవి. జగిత్యాలకును అదే గతి. ఒక కార్యాలయములో నలుగురు గుమాస్తాలు నాలుగువిధముల వ్రాసినచో, జిల్లాకు సంబంధించిన వనరులు చూపుమన్నప్పుడు పాతికపాళ్లే కనబడును. తక్కినవి లేవనుకొందురు. లేకపోలేదు, వేరు పేరుక్రింద నుండి బాడుగ తినుచుండును. దీనికి మందు పేర్లకు బదులు సంఖ్యలను వాడుట. కేంద్ర పంచాయతీరాజ్ మంత్రిత్వశాఖవారు దేశములోని ప్రతి జిల్లాకు, మండలమునకు, గ్రామమునకు ఒక సంఖ్య నిచ్చి పట్టిక ప్రకటించియున్నారు. ట్యాగులో ఆ సంఖ్యను వ్రాసికొని, పేరును చదువుకొనుటకై ప్రక్కన నుంచుకొనినచో వివాదము లేదు.

మారు సంగతులను గుంపుపేరులో పెట్టరాదని నా యభిప్రాయము. అజ్యూరులో గుంపుపేరును మార్చుటకు వీలులేదు. క్రొత్తపేరుతో మరియొక గుంపును కట్టి, వస్తువులను అందులోనికి తరలింపవలెను. తరలించునప్పుడు సర్వరు నడచుచునే యుండును, చదువువారికి ఆటంకముండదు. కాని తరలింపు ముగియువరకు, ఒక్కొక్కప్పుడు నాలుగుగంటలవరకు, పాత గుంపులోగాని క్రొత్త గుంపులోగాని ఏ వనరును క్రొత్తగా చేర్చుటకును తీసివేయుటకును వీలుండదు. కొన్ని రకముల వస్తువులు అసలే తరలింపునకు ఒప్పుకొనవు. తరలినపిమ్మట వస్తువు పూర్తి విలాసము మారును, ఏలయన విలాసములో గుంపుపేరు ఒక భాగము. పాత విలాసము నమ్ముకొని వ్రాసిన ఆజ్ఞలన్నియు వ్యర్థమగును, వెదకి దిద్దుకొనవలెను. 2016 విభజనమునకు ముందు కరీంనగరు జిల్లాలో 57 మండలములు, ఆదిలాబాదు జిల్లాలో 52 మండలములు నుండెను. వానిలో జిల్లా మారిన మండలముల ప్రజలు తమ కాగితములలో జిల్లాపేరు దిద్దించుకొనుటకు పడిన తిరుగుళ్లు తలచుకొనినచో, జిల్లాపేరును గుంపుపేరులోనికి ఎక్కించు సాహసము ఎవరును చేయరు. ట్యాగులో నున్న జిల్లాపేరును ఒక్క నిమిషములో మార్చవచ్చును.

అట్లయిన గుంపులను దేనినిబట్టి కట్టవలెను? సర్వర్లన్నియు ఒక గుంపు, డేటాబేసులన్నియు ఒక గుంపు, కొట్లన్నియు ఒక గుంపు అని జాతినిబట్టి విభజించువారిని చూచితిని. చూచుటకు ముచ్చటగా నుండును. కాని చెరువులన్నిటిని ఒక జిల్లాగను, పొలములన్నిటిని మరియొక జిల్లాగను చేసినట్లు, పొలమునకు నీరు కావలసినప్పుడెల్ల రెండు జిల్లాల కచ్చేరులకు పోవలసియుండును. ఒకేనాడు పుట్టి, ఒకేపని చేసి, ఒకేనాడు తీసివేయదగిన వస్తువులు ఒక గుంపు కావలెను. మైక్రోసాఫ్టువారును ఇట్లే సలహా చెప్పుచున్నారు. చీరెల బొమ్మల సర్వరు, దాని దస్త్రముల కొట్టు ఒక గుంపు. పరీక్షకై తెరచినవన్నియు ఒక గుంపు. దానికి ముగియు తేదీ ట్యాగు తప్పనిసరి. కూలిపద్దు డేటాబేసు మాత్రము ఒంటరిగా ఒక గుంపులో నుండవలెను. బొమ్మల సర్వరును రేపు మార్చుకొందుము. పద్దు సంఘమున్నంతకాలము నుండవలసినది. ఆయుర్దాయములు వేరైనవానిని ఒకచోట కట్టరాదు.

గుంపుల పరిమాణమునుగూర్చి ఒకమాట. పూర్వపు ఆదిలాబాదు జిల్లాలో కచ్చేరి వాయవ్యమూలనున్న ఆదిలాబాదులో నుండగా, తూర్పున బెజ్జూరు, ఆగ్నేయమున చెన్నూరు వారు పనిబడినప్పుడెల్ల అంతదూరము పోవలసివచ్చెడిది. గుంపు మరీ పెద్దదైనచో ఇట్టి బాధ. అట్లని ప్రతి వస్తువునకు ఒక గుంపు కట్టినచో గుంపులే మరియొక పట్టికయై, మొదటి గందరగోళము మరల వచ్చును. ఒక మనుష్యుడు ఇది నా బాధ్యతయని చెప్పుకొనగల యంత, ఒకసారి చూచి లోపలివాని నెన్నగల యంత గుంపు సరిపోవును.

చివరగా తాళము. అజ్యూరు కన్సోలులో గుంపును తెరచినచో ఎడమప్రక్క పట్టికలో లాక్స్ అను పేరుండును. అందు రెండువిధములు. ఒకటి తొలగింపరాదనునది, రెండవది మార్పును చేయరాదనునది. కూలిపద్దు డేటాబేసునకు మొదటి తాళము వేసినచో, పూర్తి అధికారముగల కార్యదర్శియైనను తాళము తీయక దానిని తొలగింపలేడు. అంతేకాదు, ఆ డేటాబేసున్న గుంపును ఎవరైన పూర్తిగా తుడిచివేయబోయినచో మొత్తముపని ఆగిపోవును. సగము పోయి సగము మిగులుట యుండదు. కాని ఈ తాళము గదికే గాని గదిలోని కాగితములకు కాదు. డేటాబేసును తొలగింపనీయదే గాని, అందులోని పద్దులను లోపలికి ప్రవేశించి చెరుపువానిని అడ్డుకొనదు. దానికి ప్రతులు తీసి వేరుచోట దాచుకొనుటయే మార్గము. ఆ ప్రతులున్న కొట్టును కూలిపద్దు గుంపులో పెట్టక వేరొక గుంపులో పెట్టి, దానికి వేరు తాళము వేసి, బాధ్యుడు అను ట్యాగులో ఒకని పేరుగాక పదవిపేరు వ్రాయుడు. మనుష్యులు ఉద్యోగములు మారుదురు; కార్యదర్శి యను పదవి సంఘములో నిలిచియుండును.